గింజ లోపలి గోడలకు పూత

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు ఎఫ్‌బీడీ, అంటే ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్, గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. స్టీలు బౌల్ అడుగున జల్లెడ, ఆ జల్లెడ కింద నుంచి వేడిగాలి, పైన గుడ్డతో కుట్టిన ఫింగర్ బ్యాగులు. చాలా ఏళ్ళ కిందట ఒక యూనిట్‌లో రాత్రి షిఫ్టులో దాని అద్దం ముందు నిలబడ్డాను. గ్రాన్యూల్స్ ఎసట్లో పోసిన బియ్యంలా కుతకుతలాడుతున్నాయి. ఉన్నట్టుండి ఒక పక్కన గుంత పడింది. గాలంతా ఆ దారినే పోసాగింది, మిగతా పొడి కదలక మెదలక కూచుంది. ఆపరేటర్ రబ్బరు సుత్తి తెచ్చి బౌల్‌కు రెండు వేశాడు. పొడి మళ్ళీ లేచింది. "ఫైన్స్ ఎక్కువైతే ఇది మాట వినదు సార్" అన్నాడు. ఫైన్స్ అంటే మరీ మెత్తటి పొడి.

ఎండబెట్టడానికైతే ఆ రెండు దెబ్బలతో పని గడిచిపోతుంది. ఒక పక్క కాస్త తడి మిగిలితే ఇంకో పావుగంట తిప్పుతారు. అదే తొట్టిలోని పొడికి పూత వేయాలనుకోండి. రేణువుల పైపైన వేసి ఊరుకుంటే కాదు, ఒక్కో రేణువు లోపల అల్లుకుపోయిన లక్షల చిల్లుల గోడలకు కూడా, వెంట్రుక మందంలో లక్షో వంతు కూడా ఉండని పూత ఎక్కడా వదలకుండా పడాలి. అలాంటి పనికి ఏ యంత్రం కావాలన్న ప్రశ్న అరవై ఏళ్ళుగా నలుగుతోంది. రసాయన శాస్త్రం తన వంతు జవాబు ఎప్పుడో చెప్పేసింది. ఇప్పటికీ తేలనిది తొట్టి సంగతి.

ముందు ఆ పొడి ఎంత విశాలమైనదో చూడాలి. చెప్పుల డబ్బాలో తేమ పీల్చడానికి పెట్టే సిలికా జెల్ అందరికీ తెలిసిందే. ఉత్ప్రేరకాల తయారీలో వాడే అదే జాతి సిలికాకు గ్రాముకు 300 చదరపు మీటర్ల ఉపరితలం ఉండటం మామూలు విషయం. చిప్‌ల ఫ్యాక్టరీల్లో వాడే 300 మిల్లీమీటర్ల సిలికాన్ పళ్ళెం ఒక ముఖం వైశాల్యం 0.07 చదరపు మీటర్లు. అంటే ఒక్క గ్రాము సిలికా నాలుగు వేల పైచిలుకు పళ్ళేలతో సమానం. కిలో సిలికా అంటే 74 ఎకరాల చెలక. చిప్‌ల కోసం తయారైన యంత్రాన్ని కాస్త పెద్దది చేసి పొడి పోసేద్దామనుకున్నవాళ్ళు ఈ లెక్క దగ్గరే బోర్లా పడ్డారు.

పూత వేసే పద్ధతుల్లో ఇక్కడ ముఖ్యమైనది అటామిక్ లేయర్ డిపాజిషన్, పొట్టిగా ఏఎల్‌డీ. అల్యూమినా పూతను ఉదాహరణగా తీసుకుందాం. ట్రైమిథైల్ అల్యూమినియం అనే ద్రవం ఉంది, పనివాళ్ళు టీఎంఏ అంటారు. గాలి తగిలితే చాలు, దానంతట అదే భగ్గుమంటుంది. దాని ఆవిరిని పొడి మీదికి వదిలితే గోడల మీదున్న హైడ్రాక్సిల్ గుంపులను పట్టుకుంటుంది. చోటున్నంత మేర పట్టుకుని ఆగిపోతుంది, ఒక పొర మీద ఇంకో పొర పేరదు. మిగిలిన ఆవిరిని నైట్రోజన్‌తో ఊడ్చేసి నీటి ఆవిరి వదులుతారు. నీరు ఆ పొరను ఆక్సైడ్‌గా మార్చి, గోడ మీద మళ్ళీ హైడ్రాక్సిల్స్‌ను నిలబెడుతుంది. అక్కడికి ఒక విడత పూర్తవుతుంది. మందం 0.11 నానోమీటర్ల చిల్లర. ఎంత మందం కావాలంటే అన్ని విడతలు. తనంత తానే ఆగిపోయే ఈ గుణమే పొడికి వరం. దగ్గర్లో ఉన్న గింజ ఎక్కువ తినేసి దూరపు గింజను పస్తు పెట్టడం ఉండదు. దగ్గరి గింజ కడుపు నిండగానే ఆవిరి ముందుకు కదులుతుంది.

ఏఎల్‌డీ చరిత్ర చెప్పేవాళ్ళు ఫిన్లండ్ దగ్గర మొదలుపెడతారు. టుయోమో సుంటోలా 1974లో పేటెంటు వేయడం, ఆ పద్ధతిలో చేసిన ఎలక్ట్రోల్యూమినిసెంట్ తెరలను 1983లో హెల్సింకి విమానాశ్రయంలో పెట్టడం, 2018లో ఆయనకు మిలీనియం టెక్నాలజీ బహుమతి రావడం అందరూ చెప్పే కథ. అది అబద్ధమేం కాదు. అయితే అంతకు పదేళ్ళ ముందే, 1960ల్లో, లెనిన్‌గ్రాద్‌లోని లెన్సొవియెత్ టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెస్కోవ్‌స్కీ, కోల్‌త్సోవ్ బృందం ఇదే పని చేసింది. వాళ్ళు దానికి పెట్టుకున్న పేరుకు "అణు పొరలు పేర్చడం" అని అర్థం. వాళ్ళు పూత వేసింది దేని మీదనుకున్నారు? సిలికా జెల్ మీదే. టైటేనియం టెట్రాక్లోరైడ్ ఆవిరి ఒకసారి, నీటి ఆవిరి ఒకసారి. నున్నటి పలక మీద మాత్రమే నడుస్తుందని ఇవాళ చాలామంది అనుకునే ఈ పద్ధతి పుట్టిందే చిల్లుల పొడిలో. పైగా ఆ రోజుల్లో పలుచని పూతను కొలిచే సాధనాలు తక్కువ. పొడికైతే ఉపరితలం బోలెడు కాబట్టి, ఒక్క విడతకే బరువు తేడా మామూలు తక్కెడకు, రసాయన విశ్లేషణకు దొరికేది. పొడిని ఎంచుకోవడంలో ఆ సౌకర్యం కూడా ఉంది.

సుంటోలా కూడా తర్వాత పొడి దగ్గరికే వచ్చాడు. 1987లో నెస్టే అనే చమురు కంపెనీ అండతో మైక్రోకెమిస్ట్రీ సంస్థ మొదలైంది, అది పెట్టుకున్న లక్ష్యాల్లో ఉత్ప్రేరకాలు ఒకటి. సిలికా, అల్యూమినా పొడుల మీద పొరలు వేశారు. యంత్రం చాలా సాదాసీదా: గొట్టంలో పొడి పోసి, కదపకుండా, పైనుంచి కింది దాకా ఆవిరిని దాని గుండా పంపేవారు. పొడి కాఫీ ఫిల్టర్‌లో డికాక్షన్ దిగినట్టే. పొడి పైభాగం ముందు నిండుతుంది, నిండిన హద్దు మెల్లగా కిందికి దిగుతుంది, అడుగున టీఎంఏ కనబడిందంటే పని అయినట్టే. 1999లో ఆ సంస్థ చిప్ పరికరాల కంపెనీ ఏఎస్‌ఎం చేతికి వెళ్ళాక ఆ ఉత్ప్రేరకాల సంగతి మరుగున పడింది. నన్నడిగితే, చిల్లుల పొడి విషయంలో ఆ కదలని గొట్టానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఎందుకో చెప్పాలంటే రేణువు లోపలికి వెళ్ళాలి.

సాధారణ పీడనంలో గాలి అణువు ఇంకో అణువును గుద్దుకోకుండా సుమారు 68 నానోమీటర్లు ప్రయాణిస్తుంది. ఒక టార్ అనే చాలా తక్కువ పీడనానికి దించితే ఆ దూరం 50 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. మన చిల్లు వెడల్పేమో 10 నానోమీటర్లు. కాబట్టి చిల్లులో అణువుకు తోటి అణువు ఎదురుపడదు, గోడలే తగులుతాయి. గోడ నుంచి గోడకు తగిలి, ఎటు పడితే అటు ఎగిరి, ముందుకు పది అడుగులు వెనక్కు తొమ్మిది అడుగులుగా లోపలికి పాకుతుంది. దీన్ని నూడ్సెన్ వ్యాపనం అంటారు. ఇరుకు గొయ్యి అడుగుదాకా పూత పట్టడానికి ఎంతసేపు పడుతుందో హార్వర్డ్‌కు చెందిన రాయ్ గోర్డన్ బృందం 2003లో సూత్రం కట్టింది. దాని సారం: లోతు రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు, వెడల్పు సగమైతే మళ్ళీ నాలుగు రెట్లు.

ఆ సూత్రంలో నేను వేసుకున్న ముతక లెక్క ఇది. 100 మైక్రాన్ల రేణువు, 10 నానోమీటర్ల చిల్లులు, చుట్టూ ఒక టార్ పీడనంలో టీఎంఏ తగ్గకుండా నిలిచి ఉంటే, రేణువు నడిబొడ్డు దాకా నిండటానికి నిమిషం పైన పడుతుంది. అదే చిల్లులతో ఆవగింజంత, అంటే ఒక మిల్లీమీటరు రేణువు తీసుకుంటే రెండు గంటలు. పూత పెరిగేకొద్దీ చిల్లు ఇరుకవుతుంది కూడా. ఒక్కో విడతకు వ్యాసం 0.22 నానోమీటర్లు తగ్గితే, 23వ విడతకు చిల్లు సగమవుతుంది, మొదట్లో నిమిషం పట్టినదానికి ఇప్పుడు నాలుగు నిమిషాలు కావాలి. 45 విడతలొచ్చేసరికి ఆ చిల్లు ఇక లేదు. చిప్‌ల యంత్రంలో వాల్వు సెకనులో పదో వంతు కూడా తెరవరు. అక్కడ అలవాటైన చెయ్యి ఇక్కడ నిమిషాల తరబడి తెరిచి కూచోవాలంటే గిలగిల్లాడుతుంది.

ఇందులో యంత్రం చేయగలిగిన సాయం ఎంత? రేణువు బయట తాజా ఆవిరిని నిలిపి ఉంచడం వరకే. లోపల అణువు తన దారిన తాను పాకాల్సిందే. తొట్టిని ఎంత కదిపినా, ఎంత వేగంగా తిప్పినా, గింజ లోపలి నిమిషం నిమిషంగానే ఉంటుంది. పొడిని నాట్యమాడించే యంత్రాల ప్రకటనలు చదివేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా అబ్బురం తగ్గుతుంది.

అలాగని కదిలించే యంత్రాలు వృథా అనడం లేదు. వాటి అవసరం వేరే పొడితో వస్తుంది. డెరెక్ గెల్డార్ట్ 1973లో పొడులను నాలుగు వర్గాలుగా విడదీశాడు, గాలిలో తేలే తీరును బట్టి. 30 నుంచి 100 మైక్రాన్ల వరకుండే తేలికపాటి పొడులు ఏ వర్గం. ఇవి గాలి ఊదగానే నీళ్ళలా పారతాయి. 1942లో అమెరికాలోని బాటన్ రూజ్‌లో నడిచిన మొదటి ఫ్లూయిడ్ క్రాకింగ్ ప్లాంటు మొదలుకొని చమురు శుద్ధి కర్మాగారాలు బతుకుతున్నది ఈ తరహా ఉత్ప్రేరకం పొడి మీదే. ఇసుక లాంటిది బీ వర్గం. బఠాణీల్లాంటి పెద్ద గింజలు డీ. ఇక సీ వర్గం ఉంది చూశారూ, 20, 30 మైక్రాన్ల కంటే చిన్నది, మైదాపిండి బాపతు. గాలి ఊదితే లేవదు, ఒక మూల చీలిక పెట్టుకుని గాలిని అటు పంపేసి కూచుంటుంది. ఆ రాత్రి ఆపరేటర్ సుత్తితో కొట్టింది దాన్నే.

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయపు ఆలన్ వైమర్, స్టీవెన్ జార్జ్ ఈ సీ వర్గాన్ని లొంగదీసే పని మీద చాలా ఏళ్ళు పెట్టారు. నిలువు గొట్టం, అడుగున సన్నటి రంధ్రాల లోహపు బిళ్ళ, కింది నుంచి నైట్రోజన్, కొన్ని టార్ల పీడనం. నానో పొడి గాలిలో విడి విడి రేణువులుగా ఎప్పుడూ తేలదు. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వందల మైక్రాన్ల ఉండలవుతాయి, ఆ ఉండలు తేలతాయి. ఉండలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి కాబట్టి, ప్రతి రేణువుకూ ఏదో ఒక క్షణంలో ఆవిరి తగులుతుంది. పొడి చాలినంత తేలకపోతే కింద వైబ్రేటర్ మోటారు పెడతారు, లేదా లోపల తెడ్డు తిప్పుతారు, లేదా పక్క నుంచి సన్నటి జెట్ వదిలి ఉండలను చిదుపుతారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రూడ్ వాన్ ఒమెన్ బృందం పీడనం దించకుండా, మామూలు వాతావరణ పీడనంలోనే ఇది చేయొచ్చని చూపింది. పంపు ఖర్చు లేదన్నమాట.

ఫ్లూయిడ్ బెడ్‌లో నాకు బాగా నచ్చేది ఆ పైన బిగించే మాస్ స్పెక్ట్రోమీటరు. బయటికొచ్చే వాయువును అది క్షణక్షణం తూకం వేస్తుంది. టీఎంఏ వదలగానే మీథేన్ గీత లేస్తుంది. టీఎంఏ జాడ ఉండదు, పొడి మొత్తం మింగేస్తోంది. ఎంతోసేపటికి మీథేన్ గీత వాలుతుంది, అదే సమయానికి టీఎంఏ గీత తల ఎత్తుతుంది. ఆ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట వాల్వు మూసేస్తే, ఖరీదైన ఆవిరి దాదాపు చుక్క కూడా చిమ్నీ పాలు కాదు. చిప్‌ల యంత్రంలో చాలా భాగం ఆవిరి పంపులోకే పోతుంది. పొడికున్న ఆకలి ఇక్కడ పొదుపుగా పనికొస్తుంది.

నచ్చనిది ఆ పైనే ఉన్న ఫిల్టరు. తూర్పారబట్టేటప్పుడు గాలికి పొల్లు ఎగిరిపోయి గింజ దగ్గర పడుతుంది. ఫ్లూయిడ్ బెడ్‌లో కూడా అదే జరుగుతుంది, కానీ ఇక్కడ ఎగిరిపోయే పొల్లు కూడా సరుకే. దాన్ని ఆపడానికి సింటర్డ్ లోహపు ఫిల్టర్లు పెడతారు. వాటి మీద పొడి పేరుకుంటుంది, పేరుకున్న పొర మీద కూడా విడత విడతకూ పూత పడి అది చెక్కులా గట్టిపడుతుంది. వెనక నుంచి నైట్రోజన్ దెబ్బ కొట్టి రాలుస్తారు. రాలినదాని పూత, కింద తేలుతున్నదాని పూత ఒక్కటేనా అంటే గట్టిగా అవుననలేం. మన ఫింగర్ బ్యాగులు షేక్ చేసే అవస్థే ఇది, కాకపోతే వందల డిగ్రీల వేడిలో, గాలి తగిలితే అంటుకునే ఆవిరి మధ్య.

ఈ ఫిల్టర్ గొడవ వదిలించుకోవడానికే తిరిగే డ్రమ్ము వచ్చింది. మెకార్మిక్, వైమర్, జార్జ్ తదితరులు 2007లో ప్రచురించిన నమూనాలో రంధ్రాల లోహంతో చేసిన డ్రమ్ము వాక్యూమ్ గది లోపల తిరుగుతుంది. ఆవిరి నింపి, తలుపులు మూసి, పొడి తృప్తిగా తిననిచ్చి, తర్వాత ఖాళీ చేస్తారు. వాయువు వేగంగా ప్రవహించాల్సిన పని లేదు కాబట్టి పొడి ఎగరదు. తిప్పే వేగానికి హద్దుంది. 20 సెంటీమీటర్ల డ్రమ్మును నిమిషానికి 95 చుట్లు దాటిస్తే పొడి గోడకు అతుక్కుని దాంతో పాటే తిరుగుతుంది, దొర్లదు. బాల్ మిల్లు నడిపినవాళ్ళకు ఈ లెక్క కంఠతా వచ్చు. చిల్లుల పొడికి ఈ డ్రమ్ము ఒద్దికైన యంత్రమని నా అభిప్రాయం. ఆవిరిని నింపి నిలబెట్టి ఉంచడమే దాని స్వభావం, రేణువు లోపలి ప్రయాణానికి కావలసింది కూడా అదే. దాని బలహీనత పరిమాణం. డ్రమ్ము పెద్దదయ్యేకొద్దీ పొడి పొర మందమవుతుంది, వేడిని బయటికి లాగడం కష్టమవుతుంది.

పళ్ళేల్లో పొడి పరిచి పెట్టే పద్ధతిని ఎక్కువ వివరించక్కర్లేదు. ప్రయోగశాలలో అరగ్రాముకు బాగుంటుంది.

అంచెలంచెలుగా కాకుండా ఆగకుండా నడిచే యంత్రాలు ఇంకో వరస. ఒకే తొట్టిలో టీఎంఏ, నైట్రోజన్, నీరు, నైట్రోజన్ అని వంతులు మార్చే బదులు, ఒక్కో వాయువుకు ఒక్కో చోటు కేటాయించి పొడినే ఆ చోట్ల మీదుగా నడిపిస్తారు. డెల్ఫ్ట్ బృందం 2015లో దీన్ని పొడవాటి సన్న గొట్టంలో చేసి చూపింది. వాయువు ఊదుడుకు పొడి ఎగురుతూ పోతుంటే, దారిలో ఒక చోట మొదటి ఆవిరి, ఇంకొంత దూరంలో రెండోది కలుస్తాయి. టైటేనియా రేణువుల మీద ప్లాటినం చుక్కలు అలా వేశారు. ఇంకొందరు ఒకదాని మీద ఒకటి పేర్చిన గదుల్లోంచి పొడిని వాల్వుల ద్వారా కిందికి జార్చుతారు. బ్యాటరీ పొడుల్లాంటి, టన్నుల్లో కావలసిన సరుకుకు గతి ఇదే. కొలరాడోలో 2001లో మొదలైన ఏఎల్‌డీ నానోసొల్యూషన్స్, దాన్ని 2020లో కలుపుకున్న ఫోర్జ్ నానో లాంటి కంపెనీలు పెట్టుబడి పెడుతున్నది కూడా ఈ పెద్ద తరహా పొడుల కోసమే. కానీ చిల్లు లోతుగా ఉన్న గింజకు ఊదుడు గొట్టం పనికిరాదు. గొట్టంలో ఉండేది క్షణాలు, గింజకు కావలసింది నిమిషాలు. కదలికే గుణమైన యంత్రానికి ఆగమనే పని చెప్పినట్టుంటుంది.

ఇక్కడిదాకా చెప్పింది తనంత తానే ఆగే రసాయనం గురించి. ఆగని రసాయనం కూడా ఉంది, ఇవాళ ఎక్కువ డబ్బు కూడా దాని మీదే పారుతోంది. లిథియం బ్యాటరీ ఆనోడ్‌లో వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు దాస్తే, సిలికాన్ 3,500 పైన దాస్తుంది. చిక్కేమిటంటే లిథియం తాగిన సిలికాన్ దాదాపు మూడు రెట్లు అదనంగా ఉబ్బి, పగిలి, పొడిపొడి అవుతుంది. దానికి విరుగుడుగా చిల్లుల కార్బన్ తీసుకుని ఆ చిల్లుల్లో సిలికాన్‌ను పలుచగా దించి, ఉబ్బడానికి ఖాళీ వదులుతారు. అమెరికాలో గ్రూప్14 అనే కంపెనీ పని ఇదే. ఈ కార్బన్‌కు దూరపు చుట్టం మనకు తెలుసు: నీళ్ళ ఫిల్టర్లలో ఉండే టెంకాయ చిప్పల బొగ్గు. సిలికాన్ వచ్చేది సిలేన్ వాయువు నుంచి. 400 డిగ్రీల పైన విచ్ఛిన్నమై సిలికాన్‌గా దిగుతుంది. దిగుతూనే ఉంటుంది, నిండిందని ఆగడం దానికి తెలియదు.

అప్పుడు పోటీ మొదలవుతుంది. వేడి ఎక్కువైతే సిలేన్ చిల్లు గుమ్మంలోనే దిగిపోయి గుమ్మాన్ని మూసేస్తుంది, లోపలి గదులన్నీ ఖాళీగా మిగులుతాయి. వేడి తగ్గిస్తే లోపలి దాకా వెళుతుంది గానీ గంటల కొద్దీ పడుతుంది. పీడనం పెంచితే చిల్లును వదిలేసి గాలిలోనే సిలికాన్ మసి తయారై ఫిల్టరు మీద పడుతుంది. ఏఎల్‌డీలో తొట్టి సరిగా కలపకపోయినా ఆలస్యమే తప్ప ఎగుడుదిగుడు ఉండదు. ఇక్కడ అలా కాదు. ఒక మూల వేడి పది డిగ్రీలు ఎక్కువున్నా ఆ మూల గింజలకు సిలికాన్ ఎక్కువ దిగుతుంది. కాబట్టి కలపడం, వేడిని సమంగా ఉంచడం అనే ఫ్లూయిడ్ బెడ్ గుణాలకు అసలు విలువ ఈ సిలేన్ పనిలోనే. ఒకే బ్రోచర్‌లో రెండు పనులకూ ఒకే యంత్రం అని రాసి ఉంటే నేను ఒకటికి రెండుసార్లు చదువుతాను.

ఆగని రసాయనంతో రేణువులకు పూత వేయడంలో బాగా ఆరితేరినవాళ్ళు అణు ఇంధనం వాళ్ళు. ట్రైసో ఇంధనంలో అర మిల్లీమీటరు గింజ చుట్టూ చిల్లుల కార్బన్, గట్టి కార్బన్, 35 మైక్రాన్ల సిలికాన్ కార్బైడ్, మళ్ళీ కార్బన్ వేస్తారు. గరాటు ఆకారపు అడుగున్న తొట్టిలో, వాయువు ఫౌంటెన్‌లా గింజలను ఎగజిమ్ముతుండగా, 1,500 డిగ్రీల పరిసరాల్లో. ఆ గింజలు బరువైనవి, నున్నటివి, విడివిడిగా ఉండేవి కాబట్టి మన చిల్లుల పొడి బాధలు వాటికి లేవు.

ఇక ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం. తొట్టి ఆకారం మీద జరిగినంత చర్చ తొట్టికి తగిలించే గొట్టాల మీద జరగదు. కానీ గ్రాముల నుంచి కిలోలకు పోయేటప్పుడు ప్రాజెక్టులు చతికిలబడేది అక్కడే అనిపిస్తుంది. గ్రాముకు 300 చదరపు మీటర్ల సిలికా కిలో తీసుకోండి. ఒక విడతకు రెండు మోల్స్ టీఎంఏ కావాలి, అంటే 144 గ్రాములు. గ్లాసెడు ద్రవమే కదా అనుకుంటాం. ఒక టార్ పీడనంలో, 180 డిగ్రీల దగ్గర ఆ గ్లాసెడు 50 ఘనమీటర్లు దాటే ఆవిరి, ఒక పడగ్గది నిండా. మామూలు గది వేడిలో ఆ సీసా ఇచ్చే ఆవిరి పీడనం పది టార్ల చుట్టుపక్కలే. కాబట్టి సీసాను వేడి చేయాలి, గొట్టాలన్నీ అంతకంటే వేడిగా ఉంచాలి, లేకపోతే మధ్యదారిలో ద్రవమై వాల్వులో కూచుంటుంది. విడత పూర్తయ్యేసరికి ఆరు మోల్స్ మీథేన్, మామూలు పీడనంలో దాదాపు 145 లీటర్లు. అది మండే వాయువు, దానికో దారి చూపాలి.

దీనికి తోడు వేడి. టీఎంఏ, నీరు కలిసి ఒక మోల్ అల్యూమినా అయ్యేటప్పుడు 376 కిలో కేలరీలు విడుదలవుతాయి. మన కిలో పొడికి ఒక్క విడతలో వచ్చేది సరిగ్గా అంత. ఐదు లీటర్ల నీళ్ళను మరిగే దాకా తేగలిగిన వేడి, వాక్యూమ్‌లో ఉన్న కిలో పొడిలో. వాక్యూమ్‌లో పొడి వేడిని బయటికి వదలదు, థర్మాస్ ఫ్లాస్కు పనిచేసేది ఆ సూత్రం మీదే. గబగబా వదిలితే పొడి కొలిమి ఎక్కుతుంది, ఆవిరి గోడకు అంటే తీరు మారిపోతుంది, సున్నితమైన చిల్లులు కుంగుతాయి. కాబట్టి నెమ్మదిగా వదలాలి. గింజ లోపలి ప్రయాణం ఒక నిమిషమే అడిగినా, వేడి గంట అడగొచ్చు. యంత్రం సామర్థ్యాన్ని నిర్ణయించేది చాలాసార్లు తొట్టి ఘనపరిమాణం కాదు, అది గంటకు ఎన్ని కిలో కేలరీలు బయటికి పంపగలదన్నది. రంధ్రాల పొడికి రియాక్టరు ఎన్ని లీటర్లదని అడగడం కంటే, గంటకు ఎన్ని చదరపు మీటర్లకు పూత వేస్తుందని అడగడం న్యాయం. కానీ కేటలాగుల్లో లీటర్లే రాస్తారు.

ఇదే లెక్క తిప్పి చూస్తే ఎక్కడ ఈ పద్ధతి గిట్టుబాటవుతుందో కూడా తెలుస్తుంది. బ్యాటరీ కేథోడ్ పొడికి ఉపరితలం గ్రాముకు ఒక చదరపు మీటరు లోపే. మన సిలికాతో పోలిస్తే మూడు వందలో వంతు. ఆవిరి, వేడి, మీథేన్ అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. ఫలితం మాత్రం పెద్దది. కొలరాడోలో 2010లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పొడికి రెండే రెండు విడతల అల్యూమినా వేసి చూశారు. 120 సార్లు ఛార్జ్ చేసి వాడాక పూత ఉన్నదాని సామర్థ్యం 89 శాతం మిగిలింది, లేనిదాని సామర్థ్యం 45 శాతానికి పడిపోయింది. ఉత్ప్రేరకాల్లో లెక్క వేరు: సరుకు ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైనది కాబట్టి ఖర్చు భరించొచ్చు. 2012లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పల్లాడియం మీద 45 విడతల అల్యూమినా కప్పి, 700 డిగ్రీలకు వేడి చేసి ఆ కప్పులో సన్నటి చిల్లులు తెరిపించారు. లోహం ముద్దకట్టలేదు, బొగ్గు పేరుకోవడం బాగా తగ్గింది. మందుల పొడులకు పూత వేసే కంపెనీలూ ఉన్నాయి, స్వీడన్‌లో నానెక్సా అలాంటిది. మందు ఎప్పుడు కరగాలో పూత మందం నిర్ణయిస్తుంది.

మన దగ్గర ఈ పనికి కావలసిన సరంజామా విడివిడిగా ఉంది. పొడిని గాలిలో తేలించడం, ఫైన్స్‌తో వేగడం, ఫిల్టర్లు ఉతకడం జీడిమెట్ల నుంచి జడ్చర్ల దాకా వందల మంది ఆపరేటర్లకు చేతి పని. విస్కాన్సిన్‌లో డేల్ వుర్‌స్టర్ 1950ల్లో కనిపెట్టిన కోటర్‌తో గుళికలకు పూత వేయడం ఇక్కడ రోజువారీ వ్యవహారం. బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ పుట్టిందే పొడుల కోసం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పొడికి తయారీలోనే కార్బన్ పూత పట్టించే పద్ధతిని అక్కడ అభివృద్ధి చేశారు. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. వుర్‌స్టర్ కోటర్‌కు, ఏఎల్‌డీ ఫ్లూయిడ్ బెడ్‌కు మధ్య దూరం మరీ ఎక్కువేం కాదు: గుడ్డ సంచి బదులు లోహపు ఫిల్టరు, గాలి బదులు నైట్రోజన్, స్ప్రే గన్ బదులు ఆవిరి వాల్వు. ఆ చివరిదాని వెనకున్న భద్రత మాత్రం మందుల ప్లాంటు అలవాట్లతో నడవదు. టీఎంఏ, సిలేన్ రెండూ లీకైతే నిప్పు కోసం ఎదురుచూడవు.

పూత నిజంగా లోపలి దాకా పట్టిందా అన్నది ఎలా తేల్చాలి? బరువు చూస్తే చాలదు, బయటే దట్టంగా పట్టినా బరువు పెరుగుతుంది. నైట్రోజన్ పీల్చే పరీక్షతో చిల్లుల వ్యాసం ఎంత తగ్గిందో చూస్తారు. అది సగటు చెబుతుంది, గుమ్మం మూసుకుపోయిన చిల్లును అసలు లెక్కలోకే తీసుకోదు. నమ్మదగ్గది పాత పద్ధతే. నాలుగు గింజలను రెసిన్‌లో పాతి, గట్టిపడ్డాక అడ్డంగా కోసి, నున్నగా అరగదీసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు అల్యూమినియం ఎంతుందో గీత గీయించాలి. యంత్రం అమ్మడానికి వచ్చినవాళ్ళను అడగాల్సిన బొమ్మ అదే. గీత చదునుగా సాగితే ఆవిరికి కావలసినంత సమయం ఇచ్చారు. రెండంచుల్లో లేచి నడుమ పడిపోయి ఉంటే, గుడ్డు పెంకులా పైన మాత్రమే పట్టింది. అప్పుడు తొట్టి ఎంత బాగా తిరుగుతుందో వీడియో చూపించినా, ఆ వాల్వు ఎంతసేపు తెరిచారో అడిగి రాసుకోవాలి.